సివిల్ మూడో ఏడాదిలో ఉన్నాను, క్వాంటిటీ సర్వేయింగ్ వైపు వెళ్లాలంటే ఏం చదవాలి?

ఉప్పల్_సివిల్:

అందరికీ నమస్తే. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సివిల్ మూడో ఏడాది చదువుతున్నాను. సైట్‌లో పని చేయించడం కంటే లెక్కలు, బిల్లులు, కాంట్రాక్టులు అంటేనే ఇష్టం. క్వాంటిటీ సర్వేయింగ్‌కి గల్ఫ్‌లో, లండన్‌లో గిరాకీ ఉందని అంటున్నారు. మా సిలబస్‌లో మాత్రం దీనికి దగ్గరగా ఉన్నది ఎస్టిమేషన్, కాస్టింగ్ పేపరు ఒక్కటే. అమీర్‌పేటలో రెండు నెలల క్యూఎస్ (క్వాంటిటీ సర్వేయింగ్) కోర్సు అని ఒక బోర్డు చూశాను.

నా ప్రశ్నలు ఇవి. రోజూ చేసే పని నిజంగా ఏముంటుంది? బీటెక్ అయ్యాక ఎంఎస్సీయా, ఉద్యోగమా? ఆ రెండు నెలల కోర్సు వల్ల ఉపయోగం ఉందా? గవర్నమెంటులో ఇలాంటి పోస్టులు ఉంటాయా?

కొలతబద్ద:

పేరు దగ్గరే చాలామంది పొరబడతారు. సర్వేయింగ్ అనగానే నేల కొలిచే టోటల్ స్టేషన్, లెవెల్ మిషన్ గుర్తొస్తాయి. దానికీ దీనికీ పోలిక లేదు. క్వాంటిటీ సర్వేయర్ చూసేది డబ్బు లెక్క. కట్టబోయేదానికి ఎంతవుతుంది, కట్టినదానికి ఎంత ఇవ్వాలి, మధ్యలో మారినదానికి ఎవరు ఇవ్వాలి అన్నవి మూడూ అతని పనే.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఈ పేరుతో బ్రాంచి వెతక్కండి. మన దగ్గర దారి సివిల్ నుంచే. డిప్లొమా వాళ్లు ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరినా చేరేది సివిల్‌లోనే. బ్రిటన్‌లో ఇది మూడు నాలుగేళ్ల ప్రత్యేక డిగ్రీ. అక్కడ మొదటి ఏడాది నుంచే కొలత నియమాలు, కాంట్రాక్టు చట్టం, కాస్ట్ ప్లానింగ్ చెప్తారు. ఆ మూడూ మన బీటెక్‌లో దాదాపు ఉండవు కాబట్టి మీరే పూడ్చుకోవాలి.

పనిని టెండర్‌కి ముందు, టెండర్ తర్వాత అని రెండుగా చూడండి. ముందు భాగంలో డ్రాయింగుల నుంచి పరిమాణాలు తీయడం, అంటే టేకాఫ్. తర్వాత బీవోక్యూ (ఐటమ్‌ల వారీగా పరిమాణాల పట్టిక) రాయడం, రేట్ ఎనాలిసిస్ (ఒక్కో ఐటమ్‌కి రేటు కట్టడం), వచ్చిన టెండర్లను పోల్చడం. రెండో భాగంలో ఆర్ఏ బిల్లులు (రన్నింగ్ అకౌంట్, అంటే పని సాగేకొద్దీ పెట్టేవి), ఎక్స్‌ట్రా ఐటమ్‌లు, మెటీరియల్ రీకన్సిలియేషన్ (తెచ్చిన సామాను, వాడిన సామాను సరిచూడడం), క్లెయిములు (అదనపు డబ్బు, గడువు అడగడం), ఫైనల్ బిల్లు. కొత్తవాళ్లను సాధారణంగా టేకాఫ్‌లోనో బిల్లింగ్‌లోనో పెడతారు.

టేకాఫ్ అంటే పొడవు, వెడల్పు, ఎత్తు గుణించడమే కదా అనిపిస్తుంది. ఒక్క కాలమ్ (స్తంభం) తీసుకుని చూద్దాం. సైజు 300 బై 450 మిల్లీమీటర్లు, ఫ్లోర్ నుంచి ఫ్లోర్ 3 మీటర్లు, స్లాబ్ 125 మిల్లీమీటర్లు. కాంక్రీట్‌కి ఎత్తు 3 మీటర్లు వేశారంటే అక్కడే తప్పు. ఐఎస్ 1200 (కొలత నియమాల భారతీయ ప్రమాణం) రెండో భాగం ప్రకారం కాలమ్ ఎత్తు కింది స్లాబ్ పైభాగం నుంచి పై స్లాబ్ అడుగు వరకే. స్లాబ్‌ను మొత్తం విస్తీర్ణంలో కొలుస్తారు కనుక ఆ 125 అందులోకి వెళ్లిపోయింది. కాబట్టి 0.3 × 0.45 × 2.875 = 0.388 ఘనపు మీటర్లు. బీమ్‌దీ అదే లెక్క. లోతు స్లాబ్ అడుగు నుంచి, పొడవు కాలమ్ ముఖం నుంచి ముఖం వరకు. కాలమ్, బీమ్, స్లాబ్ మూడింటికీ పూర్తి కొలతలు వేస్తే ప్రతి జంక్షన్‌లో అదే కాంక్రీట్‌ను రెండుసార్లు లెక్కించినట్టు.

ఇక స్టీల్. 16 మిల్లీమీటర్ల రాడ్లు 8, ల్యాప్ (రాడ్డు మీద రాడ్డు అతికే పొడవు) 50డి, డి అంటే రాడ్ వ్యాసం, కాబట్టి 0.8 మీటర్లు. ఒక్కో రాడ్ 3.8 మీటర్లు, మొత్తం 30.4 మీటర్లు. మీటరు బరువు డి స్క్వేర్ బై 162 సూత్రంతో 1.58 కిలోలు. మొత్తం 48 కిలోలు. రింగులు 8 మిల్లీమీటర్లు, కవర్ (స్టీల్ పైన ఉండే కాంక్రీట్ మందం) 40 మిల్లీమీటర్లు. బయటి కొలతలు 220 × 370, చుట్టుకొలత 1,180. రెండు హుక్కులకు 10డి చొప్పున 160 కలపండి. 90 డిగ్రీల వంపులు మూడు (ఒక్కోదానికి 2డి), 135 డిగ్రీల వంపులు రెండు (ఒక్కోదానికి 3డి) ఉన్నాయి, వాటికి 96 తీసేయండి. కటింగ్ లెంగ్త్ 1,244. 150 దూరంలో 21 రింగులు, 26.1 మీటర్లు, మీటరుకు 0.395 చొప్పున 10.3 కిలోలు. మొత్తం 58.3 కిలోలు.

ఇప్పుడు స్టీల్‌ను కాంక్రీట్‌తో భాగిస్తే ఘనపు మీటరుకు 150 కిలోల దగ్గర వస్తుంది. కాలమ్‌కి అది నమ్మదగ్గ అంకె. 40 వచ్చినా 400 వచ్చినా ఎక్కడో పాయింటు జారిందని అర్థం. సీనియర్ మీ షీట్‌లో మొదట చూసేది ఈ నిష్పత్తినే, 2,000 వరుసలూ చదవడు.

ఇంకొక సంగతి. కాంక్రీట్ పరిమాణంలోంచి రాడ్ ఆక్రమించిన జాగా తీసేయరు. బైండింగ్ వైర్, కటింగ్ వేస్టేజీ విడిగా కొలవరు, అవి రేటులోనే ఉంటాయి. ల్యాపులు మాత్రం డ్రాయింగ్‌లో ఒప్పుకున్నంత వరకు కొలుస్తారు. ఈ తేడా తెలియక కొత్తవాళ్లు పరిమాణంలో ఒకసారి 5 శాతం వేస్టేజీ, రేట్ ఎనాలిసిస్‌లో మళ్లీ 5 శాతం కలుపుతారు. ఆ టెండర్ మీకు రాదు. ఒకవేళ రెండు చోట్లా మర్చిపోతే తప్పకుండా వస్తుంది, అది ఇంకా ప్రమాదం.

బండరాయి:

పైన అన్న చెప్పింది ఆఫీసుల కూసొని చేసే పని. నేను సైట్ బిల్లింగ్ సంగతి చెప్త, ఎందుకంటే హైదరాబాద్‌ల మొదటి లొల్లి మట్టి కాడనే మొదలైతది. మనది గ్రానైట్ నేల. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, కోకాపేట దిక్కు మూడు సెల్లార్లు తవ్వాలంటే పైన కొంత మొరం, కింద మొత్తం బండ. మట్టి రేటు వేరే, మెత్త రాయి రేటు వేరే, గట్టి బండ రేటు వేరే. బండకు మట్టి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇయ్యాలె. అందుకే ఏది మట్టి, ఏది బండ అన్న దాని మీదనే పైసలన్నీ ఆధారపడి ఉంటయి.

చేసే పద్ధతి ఇట్ల ఉంటది. మిషన్ దిగకముందే 5 మీటర్ల గ్రిడ్ గీసి నేల లెవెల్స్ తీస్తరు. క్లయింట్ మనిషి, కాంట్రాక్టర్ మనిషి ఇద్దరూ అదే రోజు అదే షీట్ మీద సంతకం పెట్టాలె. మట్టి తీసినంక, బండ మీద చెయ్యి పెట్టకముందు, అదే గ్రిడ్‌ల మళ్ల లెవెల్స్ తియ్యాలె. గీ రెండో లెవెలే చానామంది మర్చిపోతరు. బ్లాస్టింగ్‌కు పర్మిషన్ వచ్చింది, టైమ్ లేదు అని కొట్టేస్తరు. కొట్టినంక బండ ఎక్కడ మొదలైందో దేవుడే చెప్పాలె.

లెక్క చూడు. గుంత 40 మీటర్లు × 30 మీటర్లు, లోతు 9. మొత్తం 10,800 ఘనపు మీటర్లు. 2 మీటర్లు మట్టి అంటే 2,400, మిగిలిన 8,400 బండ. కాంట్రాక్టర్ ఒకటిన్నర మీటర్లకే బండ తగిలిందంటడు, క్లయింట్ రెండు మీటర్లంటడు. ఆ అర మీటరు ఎంతనుకున్నవ్? 600 ఘనపు మీటర్లు. సంతకం పెట్టిన షీట్ ఉంటే అయిదు నిమిషాల ముచ్చట. లేకపోతే ఫైనల్ బిల్లు దాక ఈడ్చుకుంటది.

మట్టీ బండా కలిసి వచ్చి విడిగా కొలవనీకి రాకపోతే రాయిని కుప్పలు పెట్టి కొలుస్తరు. కుప్పల సందులు ఉంటయి గద, అందుకే సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజాపనుల శాఖ) స్పెసిఫికేషన్ ప్రకారం కుప్ప కొలతల 50 శాతం తీసేస్తరు. 100 ఘనపు మీటర్ల కుప్పకు 50కే పైసలు. గిది తెల్వక పూర్తి కుప్పకు బిల్లు పెట్టేటోళ్లు ఉంటరు, తెల్వక దాన్ని పాస్ చేసేటోళ్లు గూడ ఉంటరు.

ఆర్ఏ బిల్లు గూడ ఒకసారి చూసుకో తమ్ముడూ, ఇంటర్వ్యూల అడుగుతరు. ఇప్పటిదాక చేసిన పని 1 కోటి, పోయిన బిల్లు దాక 80 లక్షలు. అంటే ఈ బిల్లు 20 లక్షలు. జీఎస్టీ 18 శాతం 3.6 లక్షలు కలుస్తది. రిటెన్షన్ (హామీగ ఆపుకునే పైసలు) 5 శాతం 1 లక్ష, మొబిలైజేషన్ అడ్వాన్స్ (పని మొదలుకు ముందిచ్చిన పైసలు) రికవరీ 10 శాతం 2 లక్షలు, కంపెనీ కాంట్రాక్టర్‌కు టీడీఎస్ 2 శాతం 40 వేలు పోతయి. చేతికొచ్చేది 20.2 లక్షలు. టీడీఎస్‌ను జీఎస్టీ కలిపిన మొత్తం మీద కొట్టద్దు, బిల్లుల జీఎస్టీ విడిగ చూపిస్తే పని విలువ మీదనే కొట్టాలె. ఇంకో మాట, ఎప్పుడైనా ఇప్పటిదాక మొత్తం లెక్క కట్టి పాతది తీసెయ్యాలె. ఈ నెల పని మాత్రమే విడిగ కొలిచి కలుపుకుంట పోతే, మధ్యల ఒక కొలత సవరించినప్పుడు ఎక్కడ తప్పిందో దొరకనే దొరకదు.

ఉప్పల్_సివిల్:

చాలా థాంక్స్ అన్నా, సార్. బండ లెవెల్స్ సంగతి మాకు ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకొన్ని అడగాలి. బ్రిటన్ ఎంఎస్సీ చేస్తే నేరుగా అక్కడే ఉద్యోగం వస్తుందా? గల్ఫ్‌కి వెళ్లాలంటే ఈ బీటెక్ సరిపోతుందా?

రెండునదులు:

బ్రిటన్ గురించి రాస్తాను. ఎంఎస్సీ క్వాంటిటీ సర్వేయింగ్ అక్కడ ఒక ఏడాది కోర్సు. నార్తంబ్రియా, సాల్ఫర్డ్, నాటింగ్‌హామ్ ట్రెంట్, లివర్‌పూల్ జాన్ మూర్స్, ఎడిన్‌బరోలోని హెరియట్ వాట్, ఇలా చాలా యూనివర్సిటీల్లో ఉంది. కాలేజీ ర్యాంకు కంటే ముందు చూడాల్సింది ఆర్ఐసీఎస్ గుర్తింపు. 1868లో లండన్‌లో మొదలైన సర్వేయర్ల వృత్తి సంస్థ అది. ఆ గుర్తింపు మీరు చేరే కోర్సుకి, మీరు చేరే ఏడాదికి ఉందో లేదో ఆర్ఐసీఎస్ సొంత జాబితాలోనే చూసుకోండి. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చే బ్రోచర్ మీద ఆధారపడొద్దు. ఒకే యూనివర్సిటీలో ఒక ఎంఎస్సీకి గుర్తింపు ఉండి, పక్కనే ఉన్న కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఎంఎస్సీకి లేకపోవచ్చు.

గుర్తింపు ఉన్న డిగ్రీ అయినంత మాత్రాన మీరు చార్టర్డ్ (ఆ సంస్థ గుర్తించిన) సర్వేయర్ అయిపోరు. ఎంఆర్ఐసీఎస్, అంటే ఆ సంస్థ సభ్యత్వం, రావాలంటే ఏపీసీ అనే మదింపు ఉంది. ఉద్యోగం చేస్తూ, అనుభవాన్ని బట్టి 12 లేదా 24 నెలలు ఏ సామర్థ్యంలో ఏం చేశారో డైరీ రాస్తూ రావాలి. తర్వాత మీరు పనిచేసిన ప్రాజెక్టు మీద కేస్ స్టడీ, దాని మీద ప్యానెల్ ముందు గంటసేపు ఇంటర్వ్యూ. ఇందులో ఎక్కువమందిని దెబ్బతీసేది సాంకేతికం కాదు, నీతి నియమాల ప్రశ్నలు. సబ్ కాంట్రాక్టర్ దీపావళికి ఖరీదైన బహుమతి పంపితే ఏం చేస్తారు, మీ బంధువు టెండర్ వేస్తే ఎవరికి చెప్తారు లాంటివి. అక్కడ తడబడితే మిగతాదంతా బాగున్నా ఫెయిలే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఉద్యోగం. నేరుగా రాదు. చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ రూట్ వీసా 2026 చివరి వరకు దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు 18 నెలలే. మీరు ఇప్పుడు మూడో ఏడాది అంటే మీకు వర్తించేది ఆ 18 నెలలే. ఆ లోపు స్పాన్సర్ చేసే కంపెనీ దొరకాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకి సాధారణ కనీస జీతం 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. దీనితోపాటు ఆ వృత్తికి నిర్ణయించిన రేటు కూడా దాటాలి. క్వాంటిటీ సర్వేయర్ పని ఆ వీసా జాబితాలో ఉంది, అది మీకు అనుకూలం. కానీ ఇక్కడ ఒక్క బిల్లు కూడా చేయకుండా అక్కడికి వెళ్లిన ఫ్రెషర్‌కు, ఇంటర్వ్యూలో ఇంటెరిమ్ వాల్యుయేషన్ (మధ్యలో అయిన పనికి విలువ కట్టడం) ఎలా చేస్తారని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే నా సలహా, రెండేళ్లు హైదరాబాద్‌లోనే బిల్లింగ్‌లోనో టేకాఫ్‌లోనో చేసి ఆ తర్వాత వెళ్లండి. అప్పు కూడా తగ్గుతుంది.

అప్పు చేయడం ఇష్టం లేకపోతే మరో దారి ఉంది. రెడింగ్‌లో యూసీఈఎం అని ఉండేది, 2025లో యూనివర్సిటీ ఆఫ్ ది బిల్ట్ ఎన్విరాన్‌మెంట్ అని పేరు మారింది. అక్కడ క్వాంటిటీ సర్వేయింగ్ దూరవిద్యలో చేయొచ్చు, ఇక్కడ ఉద్యోగం చేస్తూనే. వీసా రాదు కానీ చదువు వస్తుంది.

కొలత నియమాలు కూడా మార్చుకోవాలి. బ్రిటన్‌లో వాడే నియమాల పుస్తకం ఎన్ఆర్ఎం 2, అంతకుముందు ఎస్ఎంఎం 7. గల్ఫ్‌లో పోమీ అనే పాత నియమాల పుస్తకం కూడా ఇంకా కనిపిస్తుంది. ఉదాహరణకు ఎన్ఆర్ఎం 2లో 600 మిల్లీమీటర్లు దాటని వెడల్పు గోడ ప్లాస్టరింగ్ చదరపు మీటర్లలో కాదు, మీటర్లలో కొలుస్తారు. సన్నటి ముఖాల మీద పని నెమ్మది, రేటు వేరు, అందుకని. ఐఎస్ 1200 అలవాటుతో అన్నీ చదరపు మీటర్లలోకి లాగేస్తే బీవోక్యూ వెనక్కి వస్తుంది. ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రాజెక్టులకు టేకాఫ్ చేసే ఆఫీసులు ఉన్నాయి. వాటిలో చేరినా ఈ నియమాలు ముందు నేర్పాకే డ్రాయింగ్ చేతికిస్తారు. ఒక్క లోటు, అక్కడ సైట్ కనిపించదు.

బండరాయి:

గా మాటకు నేను ఒప్పుకోను రెండునదులు గారూ. రెండేండ్లు బిల్లింగ్ చేసినంక ఎంఎస్సీకి పోయేటోడు తక్కువ, ఇంటి ఖర్చులు వచ్చి ఆగిపోతరు. పోయే ఆలోచన ఖాయంగ ఉంటే ఒక్క ఏడాది చాలు. కాని ఆ ఏడాదిల ఒక బిల్లు మొదటి నుంచి క్లయింట్ సంతకం దాక చూడాలె. ఊకె ఎక్సెల్ షీట్ నింపుకుంట కూసుంటే ఏడాదైనా పదేండ్లైనా ఒకటే.

అటెస్టేషన్_క్యూ:

గల్ఫ్ కాగితాల సంగతి క్లుప్తంగా.

యూఏఈ, ఖతార్, కువైట్‌లకు డిగ్రీ సర్టిఫికెట్‌ను మొదట రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖలో, తర్వాత ఆ దేశపు ఎంబసీలో అటెస్ట్ చేయించాలి. హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ బ్రాంచ్ సెక్రటేరియట్ ఉంది. సౌదీ 2022 డిసెంబర్ నుంచి అపోస్టిల్ (సభ్య దేశాలు ఒప్పుకునే ఒకే ముద్ర) ఒప్పందంలో ఉంది కాబట్టి దానికి ఎంబసీ ముద్ర బదులు అపోస్టిల్. వేటికైనా ఒరిజినల్ డిగ్రీ కావాలి. ప్రొవిజనల్‌తో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవాళ్లు ఎక్కువ. కాన్వొకేషన్‌కి దరఖాస్తు ఫైనల్ సెమిస్టర్ ఫలితాలు రాగానే చేసుకోండి.

కువైట్ ఆలోచన ఉంటే ఇప్పుడే చూసుకోవాల్సింది ఎన్‌బీఏ (ఒక్కో బ్రాంచికి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు). అక్కడి ఇంజనీర్ల సొసైటీ మన డిగ్రీకి ఎన్‌బీఏ గుర్తింపు అడుగుతుంది. కాలేజీకి న్యాక్ గ్రేడు ఉంటే సరిపోదు, మీరు చదివిన ఏళ్లలో సివిల్ బ్రాంచికే ఎన్‌బీఏ ఉండాలి. సౌదీలో ఇంజనీర్ హోదాతో పనిచేయాలంటే సౌదీ కౌన్సిల్ ఆఫ్ ఇంజనీర్స్‌లో నమోదు తప్పనిసరి. అనుభవ పత్రంలో ఉద్యోగం పేరు "సైట్ ఇంజనీర్" అని ఉండి, మీరు దరఖాస్తు చేసేది "క్వాంటిటీ సర్వేయర్"కి అయితే చిక్కు వస్తుంది. చేరేటప్పుడే అపాయింట్‌మెంట్ లెటర్‌లో పేరు సరిగ్గా రాయించుకోండి. మానేసేటప్పుడు అడిగితే హెచ్ఆర్ వాళ్లు మార్చరు.

గల్ఫ్ కాంట్రాక్టులు చాలావరకు ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా కాంట్రాక్టుల ఆధారంగా ఉంటాయి. 1999 రెడ్ బుక్‌లో క్లాజ్ 20.1 ఒక్కటి కంఠతా ఉండాలి. నష్టం జరిగిందని తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు, 42 రోజుల్లోపు వివరమైన క్లెయిమ్. 2017 ఎడిషన్‌లో నోటీసు అదే 28, వివరాలకు 84 రోజులు. 29వ రోజున పంపిన నోటీసుతో, ఎంత న్యాయమైన క్లెయిమ్ అయినా, హక్కే పోయిందని వాదించే అవకాశం ఎదుటివాళ్లకు ఇచ్చేసినట్టే. డ్రాయింగ్ మారి వచ్చిన రోజునే తేదీ వేసి రిజిస్టర్‌లో ఎక్కించడం క్యూఎస్ పనిలో సగం.

ఎంబుక్:

గవర్నమెంట్ గురించి. సరిగ్గా ఇదే పేరుతో ఉన్న పోస్టు మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లోది, జూనియర్ ఇంజనీర్, క్వాంటిటీ సర్వేయింగ్ అండ్ కాంట్రాక్ట్స్. ఎస్‌ఎస్‌సీ జేఈ పరీక్ష ద్వారా తీసుకుంటారు, పే లెవెల్ 6, మూలవేతనం 35,400 నుంచి. నోటిఫికేషన్‌లో ఆ పోస్టు ఆ ఏడాది ఉందో లేదో చూసుకుని ప్రిఫరెన్స్ పెట్టాలి. సిలబస్‌లో ఎస్టిమేటింగ్, కాస్టింగ్ ఉంటుంది కాబట్టి ఈ చదువు అక్కడా పనికొస్తుంది.

రాష్ట్రంలో టీజీపీఎస్‌సీ ద్వారా వచ్చే ఏఈ, ఏఈఈ పోస్టుల్లో వేరే పేరుతో ఇదే పని ఉంటుంది. కొలతలు ఎం బుక్ (మెజర్‌మెంట్ బుక్)లో ఎక్కించేది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్)నే, పైవాళ్లు చెక్ మెజర్‌మెంట్ చేస్తారు. ఎం బుక్‌లో దిద్దుబాటు అంటే అంకె మీద అంకె రాయడం కాదు. కొట్టేసి, పక్కన సరైనది రాసి, తేదీతో సంతకం. పేజీ చింపితే మాత్రం ఉద్యోగానికే ఎసరు.

ఎవరూ చెప్పని ఇంకో చోటు బ్యాంకులు, రెరా. రెరా అంటే 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం, దాని ప్రకారం కొనుగోలుదార్ల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి. బిల్డర్ అందులోంచి తీయాలంటే ఎంత శాతం పని అయిందో ఇంజనీర్, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. ఆ శాతం లెక్క కట్టడం అచ్చంగా క్యూఎస్ పనే.

కొలతబద్ద:

అమీర్‌పేట కోర్సు ప్రశ్న మిగిలిపోయింది. బోర్డు మీద ప్రైమవెరా, రెవిట్, ప్లాన్‌స్విఫ్ట్, కాస్ట్‌ఎక్స్ అని ఎన్ని పేర్లున్నా అవి పనిముట్లే. మౌస్‌తో గీసిన గీత పొడవు సాఫ్ట్‌వేర్ చెప్తుంది. ఆ కిటికీని లెక్కలోంచి తీసేయాలా వద్దా అన్నది చెప్పదు. చేరాలనుకుంటే ఒక్క ప్రశ్న అడగండి, ఐఎస్ 1200 ఎన్ని క్లాసులు చెప్తారని. జవాబు నీళ్లు నమిలితే ఆ డబ్బు దాచుకోండి. పూర్తికాలం చదవాలనుకుంటే షామీర్‌పేట వైపు నిక్మార్ ఉంది, కొండాపూర్ హైటెక్స్ దగ్గర నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది. ఈ ఏడాది ఏ కోర్సు నడుస్తోందో వాళ్ల నోటిఫికేషన్‌లో చూసి దరఖాస్తు చేయండి.

ఫైనల్ ఇయర్‌లోపు చేయగలిగింది చెప్తాను. ఒక జీ ప్లస్ 2 ఇంటి పూర్తి డ్రాయింగులు సంపాదించి, ఎక్సెల్‌లో చేత్తో టేకాఫ్ చేయండి. కాంక్రీట్, సెంట్రింగ్, స్టీల్, గోడ, ప్లాస్టరింగ్ ఈ అయిదూ చాలు. తర్వాత ఒక్కోదానికి రేట్ ఎనాలిసిస్. 1:1.5:3 కాంక్రీట్ ఘనపు మీటరుకు సిమెంట్ 8 బస్తాలు, ఇసుక 0.42, కంకర 0.84 ఘనపు మీటర్లు అని మొదలుపెట్టి, లేబర్, మిక్సర్, ఓవర్‌హెడ్ కలుపుతూ రండి. వచ్చిన రేటును ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) రేటుతో పోల్చి, తేడా ఎక్కడొచ్చిందో రాయండి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్ కంటే ఆ షీట్ పట్టుకెళ్లండి.

ఉప్పల్_సివిల్:

సార్, ఈ ఆదివారమే మొదలుపెట్టాను. ఒక బెడ్‌రూమ్ లోపలి ప్లాస్టరింగ్ చేశాను. గది 4 × 3.5, ఎత్తు 3 మీటర్లు. గోడలు 45 చదరపు మీటర్లు. తలుపు 1 × 2.1, కిటికీ 1.5 × 1.2, బాల్కనీ స్లైడింగ్ డోర్ 2.4 × 2.1, వెంటిలేటర్ 0.6 × 0.6. అన్నీ తీసేస్తే 35.70 వచ్చింది. సరేనా? తలుపు ఫ్రేమ్ గది వైపు గోడకు సమంగా ఉంది, దాని అవతల హాలు, అటూ ఇటూ ఒకే ప్లాస్టర్. కిటికీ ఫ్రేమ్ గోడ మధ్యలో ఉంది, బయట రెండు పొరల ప్లాస్టర్. స్లైడింగ్ డోర్ దగ్గర లోపలి వైపు 100 మిల్లీమీటర్ల రివీల్ (ఫ్రేమ్ నుంచి గోడ అంచు దాకా కనిపించే గోడ మందం).

కొలతబద్ద:

గుణకారం సరైనదే, తీసివేతలు తప్పు. ఐఎస్ 1200 పన్నెండో భాగం ముందు పెట్టుకోండి.

వెంటిలేటర్ 0.36. అర చదరపు మీటరు లోపు ఓపెనింగ్‌లకు తీసివేత లేదు, అంచులకు కలపడమూ లేదు. దాన్ని వదిలేయండి.

తలుపు 2.1. అర నుంచి 3 చదరపు మీటర్ల మధ్య ఉండి రెండు వైపులా ఒకే ప్లాస్టర్ అయితే ఒక ముఖానికే తీసేస్తారు. గది వైపు తీసేశారు కాబట్టి ఇక్కడ 2.1 అలాగే ఉంచండి.

కిటికీ 1.8. ఇదీ అదే పరిధి, కానీ లోపల బయట ప్లాస్టర్ వేరు. అలాంటప్పుడు రివీల్ తక్కువగా ఉన్న వైపు తీసేస్తారు. రెండు వైపులా సమానమైతే చెరిసగం. మీ ఫ్రేమ్ మధ్యలో ఉంది కనుక లోపల 0.9, బయటి ప్లాస్టర్ ఐటమ్‌లో 0.9.

స్లైడింగ్ డోర్ 5.04. 3 దాటింది. పూర్తిగా తీసేసి, జాంబులూ (పక్క అంచులు) సాఫిట్టూ (పై అంచు) కలపాలి. 2.1 రెండుసార్లు, పైన 2.4, మొత్తం 6.6 మీటర్లు. 0.1 వెడల్పుతో 0.66.

45 − 2.1 − 0.9 − 5.04 + 0.66 = 37.62. మీ లెక్కకూ దీనికీ 1.92 చదరపు మీటర్ల తేడా. ఒక్క గదికి ఏముందిలే అనిపిస్తుంది. టవర్‌లో ఇలాంటివి 300 గదులుంటే 576 చదరపు మీటర్ల ప్లాస్టరింగ్‌కి కాంట్రాక్టర్‌కు డబ్బు రాలేదన్నమాట.

ప్రతి తీసివేత పక్కన ఏ నియమం కింద తీశారో రాసే ఒక నిలువు వరుస పెట్టండి. ఇప్పుడు హాలు షీట్ చేస్తారు కదా, ఆ తలుపును అక్కడ మళ్లీ తీసేయకండి.